పడమటి కిటికీ, స్మార్ట్ గ్లాస్ కొటేషన్, చివరికి తగ్గిన యూనిట్లు: హనుమకొండలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇల్లు హనుమకొండలో, వడ్డేపల్లి వైపు. గ్రౌండ్ ప్లస్ వన్, పడమర రోడ్డు. ఓనర్లు భార్యాభర్తలిద్దరూ రిటైర్డ్ టీచర్లు, కింద పోర్షన్ కిరాయికి ఇచ్చి పైన ఉంటారు. కొడుకు బయటి దేశంలో ఉద్యోగం. అక్కడ ఆఫీసులో బటన్ నొక్కితే దానంతట అదే నల్లబడే అద్దాలు చూసి, మన ఇంటికి కూడా అవే పెట్టించండి, కరెంటు బిల్లు సగమవుతుంది అని వాళ్లకి గట్టిగా చెప్పాడు. నేను అల్యూమినియం, యూపీవీసీ కిటికీల పని చేస్తాను, దాంతోపాటు ఇళ్లలో ఎండ లెక్కలు, ఏసీ లోడ్ లెక్కలు కూడా చూస్తాను కాబట్టి నన్ను పిలిచారు. ఇలాంటి ఎంక్వైరీలు ఈ మధ్య వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి బాగా వస్తున్నాయి. అందుకే ఈ ఒక్క ఇంటి లెక్క మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను, అంకెలతో సహా.

ముందు సమస్య ఏంటో చూద్దాం. పై హాలుకి పడమర వైపు 8 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీ ఉంది. పక్క బెడ్‌రూమ్‌కి అదే వైపు 5 అడుగులు, 4 అడుగుల కిటికీ. రెండిటికీ మామూలు 5 ఎంఎం తెల్ల గ్లాస్, పైన 2 అడుగుల సజ్జ. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం మూడు నుంచి హాలు పనికిరాదు. సోఫా పడమర వైపు చెయ్యి రంగు వెలిసిపోయి ఉంది, మిగతా సోఫా బాగానే ఉంది. సార్ మాటల్లోనే చెప్పాలంటే, "తమ్మీ, ఏసీ పద్దెనిమిదిల పెట్టినా సాయంత్రం ఆరు దాక హాల్ల కూసోలేం." ఏసీ షాపువాళ్లు వచ్చి చూసి ఒకటిన్నర టన్నులు సరిపోవట్లేదు, రెండు టన్నులది వేసుకోండి అన్నారట. అంటే ఒకవైపు కొత్త ఏసీ, ఇంకోవైపు స్మార్ట్ గ్లాస్, రెండిటి మధ్య టెన్షన్ పడుతున్నారు.

స్మార్ట్ గ్లాస్ అని బజార్లో అమ్మేది ఒకటే వస్తువు కాదు. మూడు వేరు వేరు వస్తువులకి ఒకే పేరు నడుస్తోంది, జనం దెబ్బతినేది ఇక్కడే. ఈ ఇంటికి నాకన్నా ముందు ఓ డీలర్ వచ్చి చిన్న శాంపిల్ ముక్క చూపించి వెళ్లాడు. స్విచ్ వేస్తే పారదర్శకం, ఆపితే పాలలా తెల్లబడుతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది, మేడంకి బాగా నచ్చింది కూడా. దాన్ని పీడీఎల్‌సీ ఫిలిం అంటారు. లోపల పాలిమర్‌లో లిక్విడ్ క్రిస్టల్ చుక్కలు ఉంటాయి, దాదాపు 50, 60 వోల్టుల ఏసీ కరెంటు ఇస్తే అవన్నీ ఒక వరుసలోకి వచ్చి వెలుతురు నేరుగా పోతుంది, ఆపితే చెల్లాచెదురై వెలుతురుని చెదరగొడతాయి. గమనించాల్సింది ఏంటంటే చెదరగొడతాయి, ఆపవు. చెదిరిన ఎండలో ఎక్కువ భాగం ముందుకే, అంటే మన గదిలోకే వస్తుంది. కాబట్టి తెల్లగా ఉన్నా, స్పష్టంగా ఉన్నా లోపలికి వచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. పైగా స్పష్టంగా ఉన్నంతసేపూ కరెంటు తీసుకుంటుంది, కరెంటు పోతే తెల్లబడిపోతుంది. బాత్రూమ్‌కి, డాక్టర్ గారి కన్సల్టింగ్ రూమ్‌కి, ఆఫీసు మీటింగ్ రూమ్‌కి అది మంచి వస్తువు. ఎండకి మందు అని దాన్ని అమ్మితే మాత్రం అన్యాయం, ఆ మాట సార్‌కి మొదటి రోజే చెప్పేశాను.

రెండోది వేడికి దానంతట అదే మారే థర్మోక్రోమిక్. వెనేడియం డయాక్సైడ్ అనే పదార్థం 68 డిగ్రీల దగ్గర తన గుణం మార్చుకుంటుందని 1959లోనే కనిపెట్టారు. ఆ వేడి దాటితే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది. 68 మరీ ఎక్కువ కాబట్టి కొంచెం టంగ్‌స్టన్ కలిపి దాన్ని కిందికి తెస్తారు. స్విచ్, వైరు ఏమీ అక్కర్లేదు, ఆలోచన చాలా అందంగా ఉంటుంది. కానీ దీని రంగు పసుపు గోధుమగా ఉంటుంది, వెలుతురు తగ్గుతుంది. మన దగ్గర ఇంకో సంగతి, పడమటి అద్దం ఏడాదిలో చాలా రోజులు మధ్యాహ్నానికి ఎలాగూ కాలిపోతూ ఉంటుంది. ఎప్పుడూ ఒకే స్థితిలో ఉండేదానికి మారే గుణం కోసం అంత డబ్బు ఎందుకు?

కొడుకు అడిగింది మూడోది, ఎలక్ట్రోక్రోమిక్. అసలైన స్మార్ట్ కిటికీ ఇదే. అద్దం మీద టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొర, దాని పక్కన అయాన్లు దాచుకునే ఇంకో పొర. కొద్ది వోల్టుల డీసీ ఇస్తే లిథియం అయాన్లు ఒక పొర నుంచి ఇంకో పొరలోకి వెళ్లి అద్దం నీలంగా ముదురుతుంది, ఉల్టా ఇస్తే తేలికవుతుంది. టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొర ఇలా రంగు మారడాన్ని సత్యేన్ దేబ్ అనే శాస్త్రవేత్త 1969లో చూపించారు. స్మార్ట్ విండో అన్న పేరు 1980ల్లో ఈ రంగంలోనే పుట్టింది. మారేటప్పుడే కరెంటు కావాలి, మారాక చాలాసేపు అలాగే నిలబడుతుంది. అద్దం సైజుని బట్టి మారడానికి నిమిషాలు పడుతుంది, స్విచ్ వేయగానే జరిగేది కాదు. మంచి రకాల్లో స్పష్టంగా ఉన్నప్పుడు ఎండవేడిలో 40 శాతం దాకా లోపలికి వస్తే, బాగా ముదిరాక 10 శాతం దగ్గరికి పడిపోతుంది. మామూలు తెల్ల గ్లాస్‌లో 80 శాతం పైనే వస్తుంది. అంటే పని చేస్తుంది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

అయితే ఈ టెక్నాలజీ ఎక్కడ ఎక్కువ లాభం ఇస్తుందో చూడాలి. మంచు పడే దేశాల్లో జనవరిలో కిటికీలోంచి వచ్చే ఎండ హీటర్ బిల్లుని తగ్గిస్తుంది, జూలైలో అదే ఎండ ఏసీ బిల్లు పెంచుతుంది. ఒకే అద్దం చలికాలం ఎండని రానివ్వాలి, వేసవిలో ఆపాలి. అందుకే మారే అద్దం. మన వరంగల్‌లో డిసెంబర్ రాత్రి ఎంత చలి పెట్టినా ఇంట్లో హీటర్ వేసే అలవాటు లేదు. పడమటి ఎండ వేడి మనకి ఏడాదిలో ఒక్క నెల కూడా అవసరం లేదు. ఎప్పుడూ వద్దనుకునేదాన్ని ఎప్పుడూ ఆపేది చాలు. మనకి మారే గుణం వల్ల వచ్చే లాభం వేడి విషయంలో కాదు, వెలుతురు విషయంలో. మబ్బు పట్టిన రోజు అద్దాన్ని తేలిక చేసుకోవచ్చు, బయట కనిపిస్తుంది. ఆ సౌకర్యానికి విలువ ఉంది, కానీ దాన్ని కరెంటు ఆదా ఖాతాలో రాయకూడదు.

సార్‌కి ఈ మాట నమ్మకం కలగాలంటే అంకెలు కావాలి. లెక్కల సారే కాబట్టి నాకు పని తేలికైంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ మధ్యలో కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మండే వేసవిలో మధ్యాహ్నం దక్షిణం గోడ మీద నేరుగా ఎండ దాదాపు పడదు. దక్షిణం కిటికీకి ఎండ వచ్చేది డిసెంబర్‌లో, అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, 2 అడుగుల సజ్జ దాన్ని కొంతవరకు చూసుకుంటుంది. చాలామంది దక్షిణం కిటికీలకి నల్ల ఫిలిం వేయించుకుని పడమరని వదిలేస్తారు. అది పూర్తిగా తలకిందుల పని.

పడమర కథ వేరు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, 2 అడుగుల సజ్జ కిటికీలో పై 2.3 అడుగులకి నీడ ఇస్తుంది. నాలుగింటికి ఎత్తు 35 డిగ్రీలకి దిగుతుంది, నీడ 1.4 అడుగులే. ఐదింటికి 21 డిగ్రీలు, నీడ 9 అంగుళాలు. 5 అడుగుల కిటికీలో 9 అంగుళాల నీడ! ఇదంతా కాగితం మీద వేసి, మర్నాడు నాలుగింటికి టేపు పట్టుకుని అద్దం మీద నీడ గీతని సార్‌తోనే కొలిపించాను, అటు ఇటుగా అంతే వచ్చింది. పడమటి కిటికీకి సజ్జ వానకే తప్ప ఎండకి పనిచేయదన్న మాట ఆ టేపు చూశాక మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇక వేడి. మే సాయంత్రం నాలుగు ప్రాంతంలో పడమటి గోడ మీద చదరపు మీటరుకి 600 వాట్ల దాకా ఎండ పడుతుంది. హాలు కిటికీ 40 చదరపు అడుగులు, అంటే 3.7 చదరపు మీటర్లు. తెల్ల గ్లాస్ అందులో 82 శాతం లోపలికి వదిలితే 1800 వాట్లు. ఒక టన్ను ఏసీ అంటే దాదాపు 3500 వాట్ల వేడిని బయటికి తోయడం. అంటే వీళ్ల ఒకటిన్నర టన్నుల ఏసీలో అర టన్ను ఈ ఒక్క కిటికీ తినేస్తోంది. ఏసీ షాపువాళ్లు రెండు టన్నులు కావాలన్నది ఈ అర టన్ను కోసమే. వాళ్ల లెక్క తప్పేం కాదు, కిటికీ సంగతి వాళ్ల పని కాదు కాబట్టి దాని జోలికి పోలేదు.

ఏసీ ఎంత తోసినా కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకి ఉక్కపోత ఎందుకు తగ్గదంటే, అద్దమే ఒక హీటర్. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే లోపలి వైపు అద్దం 44 చూపించింది. గాలి 25లో ఉన్నా, ఆ 44 డిగ్రీల అద్దం, దాంతోపాటు నేరుగా పడే ఎండ, రెండూ కలిసి ఒంటి మీద కొడతాయి. అందుకే రిమోట్‌లో 18 దాకా దించేస్తారు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. కిటికీ చల్లబడితే 18 నుంచి 25కి తేవడం సార్ వాళ్లకి కష్టమే కాదు.

కిటికీ ద్వారా వచ్చే వేడిని తోయడానికి ఈ పాత ఏసీకి రోజుకి ఎంత కరెంటు అవుతుందో లెక్కేస్తే హాలుకి ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు, బెడ్‌రూమ్‌కి అందులో సగం. నెలకి 65 నుంచి 90 యూనిట్లు. ఇది పైకప్పు లాంటి హద్దు, ఎంత గొప్ప అద్దం పెట్టినా ఇంతకన్నా మిగలదు. 2022లో మారిన కరెంటు రేట్ల శ్లాబుల్లో 300 దాటిన యూనిట్లకి రేటు 9 రూపాయల నుంచి మొదలు. నెలకి 700 అనుకోండి, ఏసీ గట్టిగా నడిచే నాలుగు నెలలకి 2800. ఎలక్ట్రోక్రోమిక్ గ్లాస్‌కి, కంట్రోలర్, వైరింగ్, కొత్త ఫ్రేములతో కలిపి వచ్చిన కొటేషన్ లక్షల్లో ఉంది. పోనీ ఒక్క లక్షే అనుకుందాం, పెట్టిన డబ్బు రావడానికి 35 ఏళ్లు. మేడం ఆ కాగితం చూసి, "గంత పెట్టినంక నెలకు గింతనే మిగులుతదా, ఇగ ఎందుకు బిడ్డా" అన్నారు. కొడుక్కి వీడియో కాల్‌లో ఇదే లెక్క చూపించాను, అతను కూడా ఒప్పుకున్నాడు.

డబ్బు ఒక్కటే కాదు, పని పరంగా కూడా చిక్కులున్నాయి. ఎలక్ట్రోక్రోమిక్ ఎక్కువగా డబుల్ గ్లాస్ యూనిట్‌గానే వస్తుంది, ఫ్యాక్టరీలో సైజుకి చేసి పంపుతారు, సైట్‌లో ఒక్క సూతు కూడా కోయలేం. మన పాత ఇళ్లలో కిటికీ ఓపెనింగ్ నాలుగు మూలలూ ఒకే కొలత ఉండడం అరుదు. స్లైడింగ్ తలుపుకి వైరు లాగడం ఇంకో తలనొప్పి. బరువు కూడా చూడాలి. గ్లాస్ ఒక ఎంఎం మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు. 5 ఎంఎం అంటే 12.5 కిలోలు, 6 ఎంఎం రెండు పలకల డబుల్ గ్లాస్ అంటే 30 కిలోలు. ఈ ఇంట్లో ఉన్న పాత సెక్షన్లు, రోలర్లు ఆ బరువు మోయవు, ట్రాక్ అరిగిపోయి తలుపు కదలనంటుంది.

మరి సన్ కంట్రోల్ ఫిలిం వేస్తే సరిపోదా? అందరూ అడిగే ప్రశ్న. కొంత పనిచేస్తుంది. కానీ లోపలి వైపు అంటించే నల్ల ఫిలిం ఎండని పీల్చుకుని అద్దాన్ని ఇంకా కాలుస్తుంది. నేను వేరే ఇళ్లలో చూసిన నల్ల ఫిలిం అద్దాలు 50 దాటాయి, ఆ వేడిలో సగం మళ్లీ గదిలోకే వస్తుంది. ఇంకా పెద్ద ప్రమాదం పగుళ్లు. టఫన్ చేయని మామూలు గ్లాస్ సగం ఎండలో, సగం సజ్జ నీడలో ఉండి, దానికి తోడు నల్ల ఫిలిం ఉంటే వేడి తేడాకి అంచు నుంచి పగులుతుంది. ఫిలిం అమ్మేవాళ్లు హీట్ ల్యాంప్ పెట్టి "95 శాతం ఐఆర్ ఆపుతుంది" అని చూపిస్తారు. ఎండ శక్తిలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు సగమే, మిగతాది కంటికి కనిపించే వెలుతురు, అది కూడా లోపలికి వచ్చి వేడిగానే మారుతుంది. పైగా ఆ 95 అనేది చాలాసార్లు ఒకే తరంగ దైర్ఘ్యం దగ్గర కొలిచిన అంకె. మీరు అడగాల్సింది ఒక్కటే, ఎస్‌హెచ్‌జీసీ ఎంత? అంటే మొత్తం ఎండవేడిలో ఎన్నో వంతు లోపలికి వస్తుంది అని. దాంతోపాటు వీఎల్‌టీ, అంటే వెలుతురు ఎంత వస్తుంది అని. ఎస్‌హెచ్‌జీసీ తక్కువ, వీఎల్‌టీ ఎక్కువ ఉంటే మంచి సరుకు. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో కూడా, అద్దాలు గోడలో 30 శాతం లోపు ఉన్న ఇళ్లకి వీఎల్‌టీ 0.27 కన్నా తగ్గకూడదని ఉంది. ఇల్లు చీకటి చేసుకుని కరెంటు మిగిల్చానంటే అర్థం లేదు కదా. ఈ అంకెలు కాగితం మీద రాసివ్వని సరుకు కొనొద్దు.

చివరికి మేం పెట్టింది అద్దం బయట. ఎండని గ్లాస్ దాటనిచ్చి లోపల పర్దాలతో ఆపడం కన్నా, గ్లాస్‌కి తగలకముందే ఆపడం ఎన్నో రెట్లు మేలు. పర్దా మీద పడ్డ ఎండ అప్పటికే ఇంట్లో ఉంది. బయట ఆగిన వేడి బయటి గాలిలోనే పోతుంది. పాత ఇళ్లలో పడమటి వరండాకి తడికెలు, వట్టివేళ్ల చాపలు కట్టింది ఇందుకే.

నా మొదటి ఆలోచన బయట రోలర్ స్క్రీన్, మోటారు, ఎండ సెన్సర్. అది కూడా ఒక స్మార్ట్ కిటికీనే, ధరలో చాలా తక్కువ. కానీ ఈ వీధిలో కోతులు. కేబుల్ వైర్లు, టెర్రస్ మీద ఆరేసిన బట్టలు, గ్రీన్ మ్యాట్‌లు, దేన్నీ వదలవు. పక్కింటి వెదురు చిక్ చీలికలు చీలికలై వేలాడుతుంటే గుడ్డ స్క్రీన్ పెట్టమని ఎలా చెప్తాను? ఉత్తర తెలంగాణ ఊళ్లలో కిటికీ బయట ఏం పెట్టాలన్నా ముందు కోతి లెక్క వేయాలి, ఇది నవ్వే విషయం కాదు, డిజైన్ తీరే మారిపోతుంది.

అందుకని ఇనుము, అల్యూమినియం. జీఐ పైపు ఫ్రేము, అందులో 3 అంగుళాల అల్యూమినియం పట్టీలు (వీటినే లూవర్లు అంటారు), పట్టీకి పట్టీకి 3 అంగుళాల ఎడం, బయటికి కిందికి 45 డిగ్రీల వాలు. ఈ కొలతలు ఊరికే పెట్టలేదు. ఈ వాలులో, ఈ ఎడంతో 22 డిగ్రీల పైన ఉన్న ఎండ మొత్తం ఆగిపోతుంది, అంటే దాదాపు సాయంత్రం ఐదు దాకా ఒక్క గీత కూడా లోపలికి రాదు. ఐదు తర్వాత సన్న చారలు వస్తాయి, అప్పటికి ఎండ మెత్తబడుతుంది. కిందికి వాలి ఉంటాయి కాబట్టి హాల్లో కూర్చుంటే రోడ్డు, గేటు కనిపిస్తాయి, పగలు రోడ్డు మీదివాళ్లకి హాలు అంతగా కనిపించదు. మేడం ముందు అడిగింది ఇదే, "గేటు కాడ ఎవరొచ్చిండ్రో కనవడాలె." గ్రిల్‌కి 9 అంగుళాలు ఎడంగా నిలబెట్టాం, పైనా కిందా ఖాళీ వదిలాం, పట్టీలు కాలినా మధ్యలో గాలి పైకి లాగేసి వేడిని తీసుకుపోవాలని. గోడకి ఆనించి బిగిస్తే ఆ లోహం కాలి అద్దాన్ని కాలుస్తుంది, చాలామంది వెల్డర్లు అలాగే చేస్తారు, నిలబడి చేయించుకోవాలి. రంగు లేత క్రీమ్ పౌడర్ కోటింగ్. రెండు కిటికీలకి కలిపి 28 వేలు అయింది.

కిటికీ ఒక్కటే చూసి ఆపితే సగం పనే అయ్యేది. పై అంతస్తు ఇల్లు, స్లాబ్ రోజంతా కాలి రాత్రి దాకా లోపలికి కక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి సీలింగ్ కొలిస్తే 40 పైనే. బెడ్‌రూమ్ ఏసీ తెల్లవార్లూ నడిచేది కిటికీ వల్ల కాదు, ఈ స్లాబ్ వల్ల. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, చిన్న ఇళ్లకి తప్పనిసరి కాదు గానీ చేసుకున్నవాళ్లకే లాభం. మనుషులు ఉండే గదుల మీద వరకు తెల్ల రిఫ్లెక్టివ్ కోటింగ్ వేయించాం, 12 వేలు.

రెండూ ఒకేసారి చేయలేదు, కావాలనే. ఏది ఎంత తగ్గించిందో తెలియాలి. ఏసీ లైన్‌కి సబ్‌మీటర్ పెట్టించాను. మొత్తం బిల్లు చూస్తే చుట్టాలొచ్చిన రోజు, మోటారు ఎక్కువ తిరిగిన రోజు అన్నీ కలిసిపోతాయి. ఎండ 42, 43 కొట్టిన రోజులే తీసి పోల్చాను. ఏమీ చేయకముందు రెండు ఏసీలు కలిపి రోజుకి 9 యూనిట్ల దగ్గర. లూవర్లు పెట్టాక ఏడున్నర. స్లాబ్‌కి తెల్ల రంగు పడ్డాక ఐదున్నర, ఆరు మధ్య. అద్దం 44 నుంచి 38కి దిగింది, రాత్రి సీలింగ్ 36. రిమోట్ ఇప్పుడు 26లో ఉంటుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది.

నెల లెక్కలో 450 యూనిట్ల ఇల్లు 350కి వచ్చింది. ఎనర్జీ చార్జీలు 3165 నుంచి 2240కి. అంటే నెలకి 925 రూపాయలు, అందులో లూవర్ల వాటా దాదాపు 400, మిగతాది స్లాబ్‌ది. కరెంటు ఒక్కటే చూస్తే స్లాబ్ రంగు ఆరేళ్లలో డబ్బు తెస్తుంది, లూవర్లకి పదిహేనేళ్ల పైనే పడుతుంది. ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. లూవర్లు నిలబడింది ఇంకో లెక్క మీద, రెండు టన్నుల కొత్త ఏసీ కొనాల్సిన పని పోయింది. దాని ధర లూవర్ల ఖర్చు కన్నా ఎక్కువ. సాయంత్రాలు హాలు మళ్లీ వాళ్ల చేతికి వచ్చింది. 200 యూనిట్ల దగ్గర ఉన్న ఇళ్లకైతే లెక్క ఇంకా బాగుంటుంది. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు 5.10 అవుతుంది, గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకి 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. అలాంటి ఇంట్లో 30 యూనిట్లు తగ్గినా తేడా పెద్దది. వాళ్లు మొదట చేయాల్సింది స్లాబ్‌కి తెల్ల రంగు, తర్వాత పడమటి కిటికీ, ఈ రెండూ అయ్యాకే అద్దం మార్చే మాట.

ఒక నష్టం కూడా ఉంది. జూలైలో మబ్బు పట్టిన మధ్యాహ్నాలు హాలు చీకటిగా ఉంటుంది, "పగలే లైటు ఏసుకుంటున్నం" అని మేడం ఫోన్‌లో చెప్పారు. 20 వాట్ల ఎల్‌ఈడీ నాలుగు గంటలు వేసినా యూనిట్‌లో పదో వంతు కూడా కాదు, కానీ మనసుకి అది వేరే సంగతి, వాన చూస్తూ కూర్చునే కిటికీ అది. ఎలక్ట్రోక్రోమిక్ సరిగ్గా ఇక్కడే గెలుస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. దక్షిణం కిటికీ అడ్డం లేకుండా వదిలేశాం కాబట్టి కొంత వెలుతురు అటునుంచి వస్తోంది.

ఇంకోటి, కిటికీ తెరవడం. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు దాకా బయటి గాలి ఇంటికన్నా చల్లగా ఉంటుంది, అప్పుడు అన్నీ తెరిచి ఎనిమిదికల్లా మూసేయాలి. స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. కొత్తగా కట్టుకునేవాళ్లు పడకగదులకైనా తలుపుల్లా పూర్తిగా తెరుచుకునే కేస్‌మెంట్ పెట్టించుకోండి.

ఈ ఇంట్లో మిగిలిన పని మెట్ల మీద స్కైలైట్, 6 అడుగులు, 4 అడుగులు. అద్దం అడ్డంగా పరుచుకుని ఉంది, మేలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, మధ్యాహ్నం చదరపు మీటరుకి 900 వాట్ల పైన నేరుగా దిగుతుంది. పర్దా వేయడానికి చెయ్యి అందదు, లూవర్లు పెడితే స్కైలైట్ ఎందుకు పెట్టుకున్నట్టు? నన్నడిగితే మన ఎండల్లో మారే అద్దానికి సరైన చోటు ఇదే. స్కైలైట్లు, బయట ఏమీ బిగించనివ్వని హోటల్, హాస్పిటల్ ముందు భాగాలు. ధర ఇంకా దిగాలి. ఈ ఇంటికి ప్రస్తుతం సోలార్ కంట్రోల్ లో-ఈ (వేడిని వెనక్కి కొట్టే సన్నని పొర ఉన్న) డబుల్ గ్లాస్ ఆర్డర్ పెట్టాం, ఎస్‌హెచ్‌జీసీ 0.25 లోపు, కింది పలక లామినేటెడ్, పగిలినా మనిషి మీద పడకుండా. సరుకు వచ్చినప్పుడు లో-ఈ పొర సరైన ముఖం మీద ఉందో లేదో సైట్‌లోనే చూసుకోవాలి. చీకట్లో అద్దం ముందు లైటర్ వెలిగిస్తే నాలుగు ముఖాల్లో నాలుగు మంటలు కనిపిస్తాయి, అందులో ఒకటి రంగు తేడాగా ఉంటుంది, పొర ఉన్న ముఖం అదే. మన ఎండకి అది బయటి నుంచి లెక్కపెడితే రెండోది అవ్వాలి. మూడోది అయితే ఉల్టా బిగిస్తున్నట్టు, ఫ్రేములో పెట్టకముందే ఆపి తిప్పించండి. లామినేటెడ్ పలక కిందే ఉండాల్సిన స్కైలైట్‌లో అలా తిప్పడం కూడా కుదరదు, అప్పుడు సరుకు వెనక్కి పంపడమే.